మెల్లగా దిగే పెడల్

2023 జూలై 3, సోమవారం. తెనాలి

పొద్దున కూరల మార్కెట్ నుంచి వస్తూ మలుపు దగ్గర బ్రేకు నొక్కా. బండి ఆగింది. ఆగిన తీరే బాగాలేదు. ఎప్పుడూ కాస్త దిగగానే కాలికి ఎదురొచ్చే పెడల్ ఇవాళ బూరుగు దూది దిండులా మెత్తగా లోపలికి పోయింది. వెంటనే రెండోసారి తొక్కితే కొంచెం పైనే అందింది. మూడోసారి ఇంకా పైన.

ఇంటికొచ్చి బానెట్ ఎత్తాను. ఆయిల్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్యే ఉంది. రంగే బాగాలేదు. లేత పసుపు నీళ్ళలా ఉండాల్సింది చిక్కటి డికాషన్‌లా ఉంది. ఎప్పుడు మార్పించానా అని పాత డైరీలు తిరగేస్తే 2017లో ఒక ముక్క దొరికింది: 'వెనక లైనర్లు, బ్రేకు ఆయిల్.' ఆరేళ్ళు! రెండేళ్ళకోసారి మార్చాల్సిన వస్తువు. ఇంజిన్ ఆయిల్ తేదీలు మాత్రం వరసగా ఉన్నాయి. చప్పుడు చేసే దాన్నే పట్టించుకుంటామనుకుంటా.

మా బండి 1999 మోడల్ మారుతి 800. దీని తయారీ 2014 జనవరిలోనే ఆపేశారు. వచ్చే ఏడాది మళ్ళీ ఐదేళ్ళకి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. మా ఆయనకి డ్రైవింగ్ రాదు, సలహాలు మాత్రం బాగా వచ్చు. "మెత్తగా ఉంటే మంచిదేగా, మోకాలికి శ్రమ లేదు" అన్నారు.

జూలై 5, బుధవారం

దగ్గర్లో ఉన్న షెడ్డుకి తీసుకెళ్ళా. కుర్రాడు ఒక్కసారి పెడల్ తొక్కి "ఎయిర్ పట్టింది మేడమ్" అన్నాడు. అది నిజమే అయ్యుంటుంది. మెత్తగా ఉండి, పంపింగ్ చేస్తే పైకొస్తోందంటే గొట్టాల్లో గాలి ఉన్నట్టు. ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగా. "పాత బండి కదా మేడమ్" అన్నాడు. అదేం జవాబు? నిండుగా ఆయిల్ ఉండి, అన్నివైపులా మూసేసిన గొట్టాల్లోకి గాలి ఊరికే రాదు. ఎక్కడో దారి ఉండాలి. నేను అంతకంటే గట్టిగా అడగలేదు.

వాడి దగ్గర పనిచేసే పిల్లాడు రాలేదట. నన్నే సీట్లో కూర్చోమన్నాడు. తను చక్రం పక్కన చతికిలబడి, గాలి తీసే నిప్పుల్‌కి సన్న ప్లాస్టిక్ ట్యూబు తొడిగి, రెండో కొసని నీళ్ళ సీసాలో పెట్టాడు.

"కొట్టండి మేడమ్. గట్టిగా. పూర్తిగా కిందికి తొక్కండి."

నాలుగైదుసార్లు తొక్కి పట్టుకునేదాన్ని. వాడు నిప్పుల్ వదులు చేసేవాడు. కాలికింద పెడల్ ఒక్కసారిగా నేలకి దిగిపోయేది. సీసాలో గోధుమరంగు ఆయిల్, దాని వెంట బుడగలు. నిప్పుల్ బిగించాక "వదలండి" అనేవాడు. నాలుగు చక్రాలకీ కలిపి అరవై, డెబ్భైసార్లు నేల దాకా తొక్కి ఉంటా. చివరికి పెడల్ గట్టిగా వచ్చింది. ఆరు వందలు తీసుకున్నాడు.

ఆయిల్ కాస్త ఫెండర్ మీద ఒలికితే చూసి ఊరుకున్నాడు. సాయంత్రానికి అక్కడ రంగు ఉబ్బింది. బ్రేకు ఆయిల్ పెయింటుని తినేస్తుంది, పడిన వెంటనే నీళ్ళు కొట్టాలి.

జూలై 6

పెడల్ బాగుంది. కుర్రాణ్ణి ఊరికే అనుమానించా.

జూలై 9, ఆదివారం

దుగ్గిరాల వైపు పెళ్ళికెళ్ళి వస్తుంటే రైల్వే గేటు పడింది. గేటుకి ఎక్కే ఏటవాలు మీద ఆగాం. కాలు బ్రేకు మీదే, తేలిగ్గా, ఊరికే ఆనించినట్టు ఉంచా. గూడ్సు బండి. చిన్నప్పటి అలవాటు కొద్దీ పెట్టెలు లెక్కపెడుతున్నా. ఇరవై దాటేసరికి నా మోకాలు కొంచెం ముందుకి జరిగినట్టనిపించింది. సరిగ్గా కూర్చోలేదేమో అనుకున్నా. ముప్ఫై దగ్గర అర్థమైంది, జరుగుతున్నది మోకాలు కాదు. పెడల్ దిగుతోంది. చప్పుడు లేదు, వణుకు లేదు. పొయ్యి మీద వెన్న కరిగినట్టు కాలికింద ఏదో కరిగిపోతోంది. ఇంకో నాలుగు పెట్టెలకి బండి వెనక్కి కదిలింది. వెనకున్న మోటారు సైకిలతను హారన్ కొట్టాడు. హ్యాండ్ బ్రేకు లాగేశా.

కాలు తీసి మళ్ళీ గట్టిగా తొక్కితే పెడల్ ఎక్కడుండాలో అక్కడే, శుభ్రంగా, గట్టిగా ఉంది. నాకు భయం వేసింది అప్పుడే. పూర్తిగా పోయిన బ్రేకు పోయినట్టు తెలుస్తుంది. ఇది మాత్రం పట్టి చూసినప్పుడల్లా బాగున్నట్టే కనబడుతోంది.

ఆయనకి చెప్పలేదు. రెండో గేరులో, ముందు బండికి చాలా దూరంగా, ఒక చెయ్యి హ్యాండ్ బ్రేకు దగ్గరే పెట్టుకుని ఇల్లు చేరా. "ఏంటివాళ ఇంత నెమ్మది?" అన్నారు. "భోజనం ఎక్కువైంది" అన్నా.

జూలై 10, సోమవారం

బండి గేటు దాటించను. వాకిట్లోనే పరీక్షలు.

ముందు బూస్టర్. ఇంజిన్ ఆపి, అందులో మిగిలిన వాక్యూమ్ ఖాళీ అయ్యేదాకా ఆరేడుసార్లు తొక్కా. పెడల్ గట్టిపడింది. అలాగే తొక్కి పట్టి స్టార్ట్ చేశా. కొంచెం దిగి ఆగింది. అంటే బూస్టర్ పనిచేస్తోంది. స్టార్ట్ చేసినా దిగకుండా చెక్కలా ఉండిపోతే బూస్టర్‌దో, దానికి ఇంజిన్ నుంచి వచ్చే గొట్టందో తప్పు. ఈ కాస్త దిగడం చూసి కంగారుపడేవాళ్ళు ఉంటారు. కానీ ఇది దిగి ఆగుతుంది. గేటు దగ్గరది ఆగలేదు.

తర్వాత హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి పెడల్ తొక్కా. వెనక షూలకీ డ్రమ్ముకీ ఎడం పెరిగితే, హ్యాండ్ బ్రేకు లాగినప్పుడు ఆ ఎడం తగ్గి పెడల్ పైనే అందాలి. నాకేం తేడా తెలియలేదు. షూలది తప్పు కాదు.

ఇక అసలుది. కాలేజీ రోజుల చెక్క స్కేలు తెచ్చి ఫుట్‌బోర్డు మీద నిలబెట్టా. ఆయన్ని ఫోన్లో టైము చూడమన్నా.

గట్టిగా తొక్కి పట్టినప్పుడు: నేల నుంచి 7 సెంటీమీటర్లు. నిమిషం తర్వాత 6కి కాస్త పైన.

తేలిగ్గా ఆనించి పట్టినప్పుడు: మొదట 8. నిమిషం తర్వాత 3.

తిరగేసి రాశానేమో అని మళ్ళీ చేశా. అంతే. బలం తక్కువైతే ఎక్కువ దిగుతోంది. ఇదేం న్యాయం?

నాలుగు చక్రాల లోపలివైపు టార్చి వేసి చూశాం. పెడల్ పైన, గోడలోంచి కడ్డీ బయటికొచ్చే చోట వేలు పెట్టి చూశా. అంతా పొడిగా ఉంది. ఆయిల్ డబ్బా మీద బాల్‌పెన్నుతో గీత గీసి యాభైసార్లు తొక్కా. మట్టం గీత దగ్గరే ఉంది. బయటికి చుక్క పోవడంలేదు, పెడల్ మాత్రం దిగుతోంది.

జూలై 11

పూర్వం మా కాలేజీలో చదివిన అమ్మాయి వాళ్ళ నాన్న విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రి. అక్కడ ఇంజిన్ వాళ్ళు ఇంజినే, డెంటింగ్ వాళ్ళు డెంటింగే చూస్తారు. ఈయన పాతికేళ్ళుగా బ్రేకు పనే చేస్తాడు. అమ్మాయి దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశా. "బ్రేకు బాగాలేదండీ" అని మొదలుపెట్టా.

"బాగాలేదంటే ఎట్టా అమ్మా? ఒక్కసారే పడిపోతందా, మెల్లగా దిగతందా?"

మెల్లగా అన్నా.

"ఆయిల్ తగ్గతందా?"

లేదన్నా. గీత సంగతి చెప్పా.

"గట్టిగా తొక్కితే నిలబడి, ఊరికే కాలు ఆనిస్తే దిగతందా?"

7, 8, 3 లెక్కలు చదివా. అవతల కాసేపు మాట లేదు.

"ఈ మధ్య ఎవరన్నా గాలి తీశారా?"

తీశారు. నేనే తొక్కాను.

"నేలకానేదాకా తొక్కిచ్చాడా?"

"అవును."

"ఇంక చూడక్కర్లా. మాస్టర్ సిలిండర్ కప్పులు కోసుకుపోయినయ్యి. బండి నడపమాకండి. తాడు కట్టి కూడా లాగిచ్చమాకండి, అది ఇంకా డేంజరు. ఆదివారం నేనే వస్తా, సామాను తెచ్చుకుంటా."

ఐదు ప్రశ్నలు. షెడ్డు కుర్రాడు ఒక్కటీ అడగలేదు, నేనూ చెప్పలేదు. రోజూ పెడల్ మీద ఉండేది నా కాలు, వాడిది కాదు.

జూలై 12

వాన. ఆటోలో వెళ్ళి మందులు తెచ్చుకున్నా. తమ్ముడు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. "అమ్మెయ్యక్కా ఆ డొక్కుని." వాడికి అన్నిటికీ అదే మందు.

ఇరవై తొమ్మిదేళ్ళు ఇంటర్ మొదటి సంవత్సరానికి పాస్కల్ నియమం చెప్పా. బోర్డు మీద చిన్న పిస్టన్, పెద్ద పిస్టన్, మధ్యలో ద్రవం. వైశాల్యం ఐదింతలైతే బలం ఐదింతలు. 'ఉదాహరణ: హైడ్రాలిక్ బ్రేకులు' అని రాసి కింద గీత గీసేదాన్ని. పిస్టన్‌కీ గోడకీ మధ్య ద్రవం కారకుండా ఏం ఆపుతుందని ఒక్క పిల్లా అడగలేదు. అడిగితే నా దగ్గర జవాబు లేదు. బొమ్మలో అక్కడ ఖాళీ లేదు మరి!

మేస్త్రి ఫోన్లో చెప్పింది ఇప్పుడు బొమ్మ గీసుకుంటే తెలుస్తోంది. పిస్టన్ మీద రబ్బరు కప్పు ఉంటుంది. దాని నోరు ఆయిల్ వైపు. గట్టిగా తొక్కితే ఆయిల్ ఒత్తిడే కప్పు అంచుని విప్పార్చి గోడకి అదిమేస్తుంది. చిరిగిన కప్పు కూడా అప్పుడు ఎంతో కొంత ఆపుతుంది. తేలిగ్గా తొక్కితే అంచు విచ్చుకోదు, చిరుగులోంచి ఆయిల్ పిస్టన్ వెనక్కి జారి, మళ్ళీ డబ్బాలోకే చేరుతుంది. అందుకే మట్టం తగ్గలేదు. స్కేలు లెక్క తిరగబడలేదు, నా బుర్రే.

కొత్త ఆయిల్ డబ్బా మీద డాట్ 3 అని ఉంది. ఆ రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి కనీసం 205 డిగ్రీలు ఉండాలి. నీరు పీల్చుకున్నాక లెక్క 140. డాట్ 4 అయితే 230, 155. ఈ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, అదే దాని జబ్బు. 2016లో శ్రీశైలం నుంచి దోర్నాల ఘాట్ దిగుతుంటే పెడల్ మెత్తబడి, చెట్టు కింద అరగంట ఆపాక బాగైంది. దేవుడి దయ అనుకున్నాం. నీరు పట్టిన ఆయిల్ వేడికి మరిగి ఆవిరి బుడగలు కట్టి ఉంటుంది. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. ఆ మర్నాడే ఆయిల్ మార్పించాల్సింది, ఏడాది పట్టింది.

జూలై 16, ఆదివారం

మేస్త్రి తొమ్మిదింటి రైలుకి దిగాడు. అరవై ఏళ్ళుంటాయి. గుడ్డ సంచిలో స్పానర్లు, అట్టపెట్టెలో కొత్త మాస్టర్ సిలిండర్, కాగితంలో చుట్టిన చెక్క ముక్క ఒకటి. కాఫీ తర్వాత తాగుతానన్నాడు. ముందు పెడల్ మీద అరచేయి పెట్టాడు, కాలు కాదు. కళ్ళు మూసుకుని మెల్లగా నొక్కాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, అంతే మెల్లగా తొక్కమని, తను ఆయిల్ డబ్బా మూత తీసి లోపలికి చూశాడు. తర్వాత నన్ను చూడమని తను తొక్కాడు. పైన అంతా నిశ్చలం. అడుగున చిన్న రంధ్రం దగ్గర మాత్రం ఆయిల్ సన్నగా సుడి తిరిగి పైకి పొంగుతోంది, ఊట బావిలో నీళ్ళలాగా. పెడల్ దిగినంతసేపూ ఆ ఊట ఆగలేదు.

డబ్బా ఖాళీ చేసి, పైపు నట్లు విప్పి, సిలిండర్‌ని బూస్టర్ నుంచి ఊడదీశాడు. బూస్టర్ మూతి దగ్గర వేలు పెట్టి తుడిచి చూపించాడు. పొడి. ఒక్కోసారి సిలిండర్ వెనకనుంచి ఆయిల్ బూస్టర్‌లోకి కారిపోతుందట. అప్పుడు నేల మీద చుక్క పడదు, డబ్బాలో మాత్రం తగ్గుతుంటుంది. మనవాళ్ళు పోస్తూ పోతుంటారు.

అరుగు మీద పాత న్యూస్ పేపరు పరిచి సిలిండర్ విప్పాడు. రెండు పిస్టన్లు ఒకదాని ముందొకటి. "ఒకటి పోయినా ఇంకోటి పట్టిద్ది. ముందు ఒక చక్రం, దానికి ఎదురు మూల వెనక చక్రం. సగం బ్రేకన్నా ఉంటది. గేటు కాడ మీకు మిగిలింది అదే." మొదటి కప్పు అంచు మీద గోరు గీరినట్టు రెండు చీలికలు, ఒకచోట చిన్న ముక్క లేదు. తర్వాత సిలిండర్‌ని ఎండకి ఎత్తి, నన్ను దుర్భిణిలోకి చూసినట్టు చూడమన్నాడు. ఇరవై నాలుగేళ్ళుగా కప్పు రాసుకుంటూ తిరిగిన మేర అద్దంలా మెరుస్తోంది. అక్కణ్ణుంచి అవతలికి, కప్పు ఎప్పుడూ వెళ్ళని చోట, గరుకు. తేమకి మచ్చలు, గుంటలు.

రోజువారీ తొక్కుడులో పెడల్ అక్కడిదాకా ఎప్పుడూ దిగదు. గాలి తీసేటప్పుడు నిప్పుల్ వదిలితే ఒత్తిడి పోయి నేల దాకా వెళ్ళిపోతుంది. కప్పు ఆ గరుకు మీదికెక్కి కోసుకుపోతుంది. మెత్తగా ఉన్న పెడల్‌ని బాగుచేద్దామని పోయి, దిగిపోయే పెడల్‌ని తెచ్చుకున్నాం. షెడ్డు వాడిది తప్పే. తొక్కిన కాలు నాది.

"కిట్ వేస్తే సరిపోదా?" అన్నారు ఆయన. నాలుగో వంతుకి పోతుందని లెక్క.

"ఏస్తా బాబుగారూ. ఈ గుంటల మీద కొత్త కప్పులు ఎన్నాళ్ళుంటయ్యో మీరే చెప్పండి." ఆయన ఇక మాట్లాడలేదు.

మరి మొదట గాలి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈయన అది కూడా వదల్లేదు. వెనక డ్రమ్ములు ఊడదీసి, వీల్ సిలిండర్ కొసల్లో ఉండే రబ్బరు తొడుగుని స్క్రూడ్రైవర్ మొనతో కొంచెం పైకి లేపాడు. కుడివైపు పొడి. ఎడమవైపు తొడుగు లోపల చెమ్మ, వేలికి అంటేంత. బయటికి కనబడేది కాదు. చుక్కలు కారే స్థితికి ఇంకా రాలేదు. దారి అక్కడుంది. ఎందుకైనా మంచిదని తెచ్చిన కప్పులు దానికి వేశాడు. లోపల గోడ బాగుందట.

కొత్త సిలిండర్ ఎక్కించాక పైపులు బిగించక ముందే ఆయిల్ పోసి, రంధ్రాలని రెండు వేళ్ళతో మూసి నన్ను మెల్లగా తొక్కమన్నాడు. వదిలేటప్పుడు వేళ్ళు గట్టిగా ఆనించేవాడు, తొక్కేటప్పుడు వదులు చేసేవాడు. సిలిండర్‌లో గాలి సిలిండర్‌లోనే తీసేస్తే గొట్టాల్లోకి పోదు. ఆయిల్ వేళ్ళ మీదుగా కారుతుంటే పక్కన బకెట్టు, మగ్గుతో ఆయన. ఈసారి ఫెండర్ మీద చుక్క నిలవలేదు.

తర్వాత ఆ చెక్క ముక్క బయటికి తీశాడు. మూడంగుళాల మందం, తుమ్మ చెక్క, నూనె పట్టి నల్లబడింది. పెడల్ కింద పెట్టాడు. "ఇప్పుడు కొట్టండమ్మా. ఎంత కొట్టినా దీని మీదే ఆగిద్ది." కొత్త సిలిండర్‌కి దీని అవసరం లేదు కదా అన్నా. "చెయ్యి అలవాటు తప్పకూడదు" అన్నాడు. అన్నిటికంటే దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి నాలుగూ చేశాడు. చివర్న జాకీ ఎత్తి ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పాడు. బూస్టర్ కడ్డీకీ పిస్టన్‌కీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ లేకపోతే బ్రేకు వదలకుండా పట్టేస్తుందట. నాలుగూ తేలిగ్గా తిరిగాయి.

భోజనం చేసి వెళ్ళమంటే పెరుగన్నం మాత్రం తిన్నాడు. సామానుకీ కూలికీ కలిపి మూడు వేలు చెప్పాడు. రైలు చార్జీ తీసుకోలేదు.

వెళ్తూ ఆ చెక్క నాకిచ్చేశాడు, తన దగ్గర ఇంకోటుందని.

జూలై 24, సోమవారం

షెడ్డు మీదుగా వెళ్తూ ఆగి, కుర్రాడికి జరిగింది చెప్పా. కోపంగా చెప్పకూడదనుకున్నా కానీ కొంచెం వచ్చింది. వాడు తలవంచుకుని విన్నాడు. "మా ఓనరు నాకు అట్టానే నేర్పాడు మేడమ్" అన్నాడు. నాకూ పాస్కల్‌ని బొమ్మతోనే నేర్పారు. చెక్క వాడికిచ్చి, ఎలా పెట్టాలో పాత వ్యాను పెడల్ కింద పెట్టి చూపించా.

జూలై 30, ఆదివారం

నిన్న షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే చూశా. ఆ చెక్క ఒక జీపు చక్రం కింద అడ్డుగా పెట్టి ఉంది. మళ్ళీ చెప్పాలి.

ఇవాళ స్కేలు పెట్టా. గట్టిగా: 8. నిమిషం తర్వాత 8. తేలిగ్గా: 9. నిమిషం తర్వాత 9. ఆయిల్ బాల్‌పెన్ను గీత దగ్గరే ఉంది.

మళ్ళీ ఆయిల్ మార్చాల్సింది: 2025 జూలై.